సుమో ఎగిరితే నా గుండె ఝల్లుమంటుంది!

హీరోగారు తొడ కొడతాడు. అవతల వరసగా వస్తున్న తెల్ల సుమోలు ఒక్కసారిగా గాలిలోకి లేస్తాయి. హాల్లో ఈలలు, చప్పట్లు, కాగితం ముక్కలు! సరిగ్గా ఆ టైములో మీ పక్క సీట్లో ఎవరైనా గుండె పట్టుకుని, "అయ్యయ్యో... హెడ్డు పోయింది, రేడియేటరు పోయింది, నాలుగు నాజిళ్లూ పోయాయి..." అని గొణుగుతుంటే దయచేసి విసుక్కోకండి. అది నేనే అయ్యుంటాను.

నాకు సుమో లేదు. నాకున్నది టాటా మొబైల్. ఈ పేరు చెప్తే ఇప్పటి కుర్రాళ్లు జేబులోని ఫోను తడుముకుంటారు. ఆ మొబైల్ కాదు బాబూ! ముందు కారులాగా ముక్కు, ఇద్దరు ముగ్గురు సర్దుకుని కూర్చునే క్యాబిను, వెనక సరుకు వేసుకునే బాడీ ఉన్న పికప్పు. అప్పట్లో టెల్కో అనే పేరుతో ఉన్న కంపెనీ 1988లో దాన్ని మార్కెట్లోకి దించింది. 1948 సీసీ డీజిలు ఇంజను. అదే వంశంలో ఎస్టేటు, సియెర్రా పుట్టాయి. ఆ తర్వాత 1994లో వచ్చాడు సుమో. టెల్కోని పెంచి పెద్దచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి 'సు', 'మో' తీసి పెట్టిన పేరది. మొదట్లో వచ్చిన సుమోలకీ మా బండికీ ఇంజను ఒకే జాతి. అంటే వరస ప్రకారం సుమో మా బండికి తమ్ముడు. సొంత తమ్ముణ్ణి కళ్లెదుట గాల్లోకి లేపి తగలబెడుతుంటే ఏ అన్నయినా ఈల వేస్తాడా? మీరే చెప్పండి!

మాది బహదూర్‌పల్లి. ఇప్పుడు ఈ పేరు వింటే మీకు మహీంద్రా యూనివర్సిటీ, విల్లాలు, అపార్టుమెంట్లు గుర్తుకొస్తాయి. తలెత్తితే దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు. నా చిన్నతనంలో విమానాలు ఇవే, కింద మాత్రం ద్రాక్షతోటలు. మేడ్చల్, కొంపల్లి, శామీర్‌పేట చుట్టూ ఎక్కడ చూసినా పందిళ్లే. అనాబ్‌షాహీ ద్రాక్ష, గోలీ కాయంత పండు! మా నాయిన 1991లో వాయిదాల మీద ఈ బండి కొన్నది ఆ ద్రాక్ష కోసమే. తెల్లవారుజామున గంపలెత్తుకుని కొత్తపేట పండ్ల మార్కెట్‌కి పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చేవాడు. సీజనులో క్యాబినంతా ద్రాక్ష వాసనే.

పొద్దున ద్రాక్ష ఎక్కిన బండికి సాయంత్రం జనం ఎక్కేవారు. కొత్త బొమ్మ పడిందంటే చాలు, వెనక బాడీలో గడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, వాడకట్టులోని ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కించుకుని మేడ్చల్ హాలుకి ప్రయాణం. 1993లో 'మెకానిక్ అల్లుడు' వచ్చినప్పుడు అలాగే పోయాం. చిరంజీవిని చూసి నేను కూడా మెకానిక్‌నే అవుతానని తీర్మానించుకున్నాను. మర్నాడే నాయిన లేని సమయం చూసి డీజిలు ఫిల్టరు విప్పేశాను. ఆ బండి మళ్లీ స్టార్టవలేదు. నాయిన కోప్పడలేదు. "పైపులల్ల గాలి దూరింది బిడ్డా. గాలి బయటికి పోయేదాంక ఇంజనుకు డీజిలు అందదు" అని ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు నాతోనే కొట్టించాడు. బుడగలు బుడగలుగా డీజిలు వచ్చింది. బుడగలు ఆగి ధారగా రాగానే స్క్రూ బిగించమన్నాడు. సెల్ఫు కొట్టాం. స్టార్టయింది! ఆ చప్పుడు నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

ద్రాక్షతోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. నాయిన పోయాడు. బండి నాకు మిగిలింది. ఇప్పుడు దాంట్లో మొక్కలు మోస్తున్నాను. ఏ పందిళ్లు పీకేసి విల్లాలు కట్టారో, ఆ విల్లాల ముందు పెట్టే పూలకుండీలు! దాని నంబరు ప్లేటు మీద ఇంకా 'ఏపీ' అనే ఉంది. 2014లో కొత్త బండ్లకి 'టీఎస్' వచ్చింది. 2024లో 'టీజీ' వచ్చింది. మా బండి మాత్రం పుట్టినప్పటి పేరుతోనే తిరుగుతోంది.

ఇక అసలు కథ. అంటే విలన్ ఎంట్రీ!

కిందటి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, శామీర్‌పేట నుంచి మొక్కల లోడుతో వస్తున్నాను. రేడియేటరు పైపు చిన్నగా కారుతోందని నాకు నాలుగు రోజుల ముందే తెలుసు. సైకిలు ట్యూబు ముక్క చుట్టి, "వచ్చే వారం చూద్దాంలే" అనుకున్నాను. ఆ వచ్చే వారం రానే లేదు. ముల్లు ఎరుపులోకి పోయిన సంగతి కూడా చూసుకోలేదు. తెల్లటి పొగ కమ్మేశాక చూశాను. తప్పు పూర్తిగా నాదే.

బండిని తాడు కట్టి ఉస్తాద్ షెడ్డుకి లాక్కొచ్చాం. ఉస్తాద్ అంటే నాయిన కాలం నుంచీ ఈ బండి నాడి పట్టిన పెద్దాయన. ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంది. నీళ్లు ఆయిల్లో కలిశాయన్నమాట. హెడ్డు విప్పి, శుభ్రంగా తుడిచి, వెలుతురుకి పెట్టి, "బేటా, గ్యాస్కెట్ ఒక్కటే పోతే బాగుండు. హెడ్డుకే క్రాక్ వచ్చింది" అన్నాడు. రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత గీత. ఆ వెంట్రుకే ముప్పై ఏళ్ల బండిని పడుకోబెట్టింది.

ఫిట్‌నెస్ గడువు అయిపోవడానికి ఇంకా పన్నెండు రోజులే. సరుకు బండ్లు పాతబడితే ఏటేటా ఫిట్‌నెస్ చూపించాలి. 2021లో తుక్కు పాలసీ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి ఏడూ ఇదే చర్చ. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి ఈసారి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. "డాడీ, రిపేరు ఖర్చుకి ఇంకొంచెం కలిపితే సెకండ్ హ్యాండ్ మినీ ట్రక్ వస్తుంది. ఇది సెంటిమెంటు. బిజినెస్ కాదు."

వాడి లెక్క తప్పని నేను అనలేకపోయాను. మా ఆవిడ మాత్రం, "మీ నాయిన బండి, మీ ఇష్టం. గానీ మొక్కలు ఎండుతున్నయి, అది చూడు" అంది. ఆ మాటే ఎక్కువ తగిలింది.

మర్నాడు వేట మొదలు. ముందు రాణిగంజ్. ఒక షాపులో కుర్రాడు బండి పేరు విని కంప్యూటర్లో వెతికి, "అన్నా, ఆ బండి నాకంటే పెద్దది!" అని నవ్వాడు. ఇంకో షాపులో గ్యాస్కెట్ దొరికింది, హెడ్డు దొరకలేదు. పుత్లీబౌలిలో ఒకాయన హెడ్డు ఉందని చూపించాడు. ధర చూస్తే మరీ తక్కువ. చేత్తో తడిమితే పోత గరుకుగా ఉంది, కంపెనీ గుర్తు లేదు. డూపన్నమాట! సినిమాలో అయితే డూపు దెబ్బలు తింటాడు, హీరోకి పేరొస్తుంది. బండిలో అంతా తిరగబడుతుంది. డూపు పేరు కొట్టేస్తుంది, దెబ్బలు హీరో తింటాడు. దండం పెట్టి వచ్చేశాను.

"కొత్తది దొరకదు. పాత సుమో పట్టు" అన్నాడు ఉస్తాద్. "కానీ ఏ సుమో పడితే ఆ సుమో కాదు. టర్బో వచ్చినది వద్దు. మొదట్లో వచ్చిన సాదా ఇంజను కావాలె." ఆయనకి కంటి శుక్లాలు. దూరంగా ఉన్న మనిషిని గుర్తుపట్టడు. మా పాత గ్యాస్కెట్‌ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "ఇది హెడ్డు మీద పెట్టు. బోల్టు రంధ్రాలు, నీటి దారులు అన్నీ కలిస్తేనే డబ్బులియ్యి. దుకాణపోడి మాట వినకు. గ్యాస్కెట్ మాట విను."

నేనూ మా అబ్బాయీ తుక్కు యార్డులన్నీ తిరిగాం. వాడు రానన్నాడు గానీ, ఫోనులో దారులు చూపించడానికి మనిషి కావాలిగా! ఆరోనాడు వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో ఒక యార్డులో కనిపించింది సుమో. కాదు, సుమో శవం. టాపు సొట్ట, అద్దాలు లేవు, ఒక పక్కంతా కాలిన మచ్చ. యార్డు భాయ్ ఛాతీ విరుచుకుని, "సినిమాల ఎగిరిన బండి ఇది!" అన్నాడు.

నాకు కాళ్లు ఆడలేదు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది' వచ్చిన రోజుల్లో నేనూ హాల్లో ఈలలేసినవాణ్ణే. ఆ ఈలల ఫలితం ఇదిగో నా ముందు పడి ఉంది.

"అయితే ఇంజను కూడా కాలిపోయినట్టే కదా భాయ్?" అన్నాను దిగులుగా.

భాయ్ పగలబడి నవ్వాడు. "ఇంజనుతోటి ఎవడన్న ఎగరేస్తడా? ముందే ఊడదీస్తరు. బరువు తగ్గాలె గద! అండ్ల డీజిలు, ఆయిలు ఉంటే మనుషులకు డేంజర్. వాళ్లకు కావాల్సింది డబ్బా. ఇంజను మాకు వస్తది." అలా అని యార్డు మూలకి నడిచి తార్పాలిన్ లేపాడు.

అక్కడుంది! దుమ్ము కొట్టుకుని, ఆయిలు జిడ్డుతో, చెక్కుచెదరకుండా. ఆ ఇంజను నిజంగా ఆ డబ్బాదేనో, నా మొహం చూసి భాయ్ కథ అల్లాడో, ఆ దేవుడికే తెలియాలి. నేను హెడ్డు విప్పించాను. మా అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని గ్యాస్కెట్ పరిచాడు. వేలితో ఒక్కొక్క రంధ్రం తడిమి చూసుకుంటూ పోయాడు. చివరి రంధ్రం దగ్గర తలెత్తి, "డాడీ, అన్నీ కలిశాయి" అన్నాడు. వాడి గొంతులో ఆ ఉత్సాహం నేను పరీక్షల రిజల్టు రోజున కూడా వినలేదు.

తొమ్మిది వేలకి బేరం కుదిరింది. అక్కణ్ణుంచి బాలానగర్ లేతు షాపుకి పట్టుకుపోయాం. నీళ్ల ప్రెషరు పెట్టి క్రాక్ లేదని చూసుకున్నాం. అడుగు భాగం అద్దంలా ఫేసింగ్ చేయించాం. మొబైలు ఇంజనులు పోయినా ఇలాంటి లేతులు ఉన్నంతకాలం మాలాంటివాళ్లు బతికిపోతారు.

బిగించే రోజున ఉస్తాద్ స్టూలు మీద కూర్చున్నాడు. పానా నా చేతికిచ్చాడు. "నా కండ్లకు ఆనతలేదు. నువ్వు బిగించు, నేను చెప్త. ముందు నడుమ బోల్టు. అక్కణ్ణుంచి అటొకటి, ఇటొకటి, బయటికి. ఒకేసారి బిగించినవంటే హెడ్డు వంకర పోతది. మూడు దఫాలు." నేను బిగిస్తుంటే మా అబ్బాయి కాగితం మీద బొమ్మ వేసి, ఏ బోల్టు తర్వాత ఏది అన్నది నంబర్లు వేసుకున్నాడు. ఖర్చు లెక్క వేసిన కాగితమే అది, వెనక వైపు!

ఉస్తాద్ ఆ కాగితాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అచ్ఛా కియా. ఈ జాతి హెడ్డు నేను ఇంక విప్పను. ఇదే ఆఖరు" అన్నాడు. షెడ్డులో కాసేపు ఎవరం మాట్లాడలేదు. సుమో తయారీ 2019లో ఆగిపోయింది. అయినా విడిభాగాలు ఎక్కడో ఒకచోట మూల పడి ఉంటాయి. వెతికితే దొరుకుతాయి. చెవితో విని జబ్బు చెప్పే ఉస్తాద్‌ని ఏ యార్డులో వెతకాలి?

హీటరు వేసి ఇరవై లెక్కపెట్టాను. సెల్ఫు కొట్టాను. దగ్గింది, ఆగింది. రెండోసారీ అంతే. ఉస్తాద్ చెయ్యెత్తి, "గాలి ఉంది" అన్నాడు. నేను బానెట్‌లోకి వంగేలోపల మా అబ్బాయి ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి పంపు కొడుతున్నాడు. వాడికి ఎవరు నేర్పారని నేను అడగలేదు. చిన్నప్పుడు నా పక్కన నిలబడి చూసి ఉంటాడు. బుడగలు వచ్చాయి, ఆగాయి, ధార వచ్చింది. మూడోసారికి బండి పలికింది!

గడువుకి రెండు రోజుల ముందు ఫిట్‌నెస్ అయింది. మొక్కలు కొన్ని ఎండాయి, చాలా బతికాయి. వచ్చే ఏడు ఈ బండి ఉంటుందా, ఉండదా? మా అబ్బాయి లెక్క ఇప్పటికీ లెక్కే. ఏదో ఒకరోజు దాన్నీ తుక్కు కింద ఇవ్వక తప్పదు. ఆ రోజున దాని స్టీరింగో, డైనమోనో నాలాంటి ఇంకొకడికి పనికొస్తే నాకంతే చాలు. ఆ కాగితం మాత్రం డ్యాష్‌బోర్డులో భద్రంగా ఉంది.

మొన్న ఆదివారం టీవీలో పాత ఫ్యాక్షన్ సినిమా వేశారు. హీరోగారు కన్నెర్ర చేశాడు. సుమో గాల్లోకి లేచింది. అలవాటుకొద్దీ నా చెయ్యి గుండె మీదికి పోయింది. పక్కనుంచి మా అబ్బాయి నా భుజం తట్టి, "ఊరుకో డాడీ, ఇంజను ముందే తీసేసి ఉంటారులే!" అన్నాడు.

నేను నాలిక మడిచి గట్టిగా ఈల వేశాను.