మా యింటి పాత కంప్యూటరు

మా తండ్రిగారు బడిపంతులుగా పనిచేసి, పదవినుండి విరమించిన 2012వ సంవత్సరమున ఒక కంప్యూటరు కొనిరి. అప్పటికి మా వీథిలో కంప్యూటరున్న యిల్లు మరియొకటి లేదు. దానిని అట్టపెట్టెనుండి వెలికి తీసిన నాడు మా అమ్మ దానికి పసుపుకుంకుమలు పెట్టి హారతి యిచ్చెను. యంత్రమునకు హారతి యేమిటని నేను నవ్వితిని. నాన్నగారు మాత్రము నవ్వలేదు.

ఆయన దానిని వినోదమునకై కొనలేదు. మాది భువనగిరి. అక్కడికి పోచంపల్లి దగ్గర. మా అమ్మ పుట్టినిల్లును అదియే. నాన్నగారు సెలవుదినములలో నేతగాండ్ర యిండ్లకు పోయి, వారి పనిముట్ల పేర్లు, రంగుల పేర్లు, నూలును గూర్చిన నుడులు నోటుపుస్తకములలో వ్రాసికొనెడివారు. ఆసు, నాడె, కండె మొదలుకొని మేమెన్నడు వినని మాటలెన్నియో వానిలో నుండెను. వాని నన్నిటిని అక్షరక్రమమున కూర్చి యొక చిన్న నిఘంటువు చేయవలెనని ఆయన కోరిక. ప్రతి యుదయమును ఆ యంత్రము ముందు కూర్చుండి, రెండు వ్రేళ్లతో ఒక్కొక్క యక్షరమును వెదకికొనుచు టైపు చేసెడివారు. 2016లో మా యింటి కప్పు కారి నోటుపుస్తకములు తడిసి ముద్దయైనవి. "పోనిండు, కంప్యూటరులో నున్నవి గదా" అని ఆయన మమ్ము ఊరడించిరి. 2019లో ఆయన కాలము చేసిరి. నిఘంటువు పూర్తి కాలేదు.

అటుపిమ్మట నేను ఆ కంప్యూటరుపై నొక దుప్పటి కప్పి, ఎవ్వరును ముట్టరాదని కట్టడి చేసితిని. ఏడాదికి రెండుమూడు మారులు మాత్రము నేను దానిని తెరచి, ఆ ఫైళ్లున్నవో లేవో చూచి, మరల మూసెడివాడను. దాచుట యనగా ముట్టకుండుటయే యని నా యభిప్రాయము.

2023 వేసవిలో మా అమ్మాయి తొమ్మిదవ తరగతి ముగించినది. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనవలెనని ఆమెకు మిక్కిలి యాశ కలిగెను. అరచేతి ఫోనులో ఆ పని సాగదు. దుప్పటి తీసితిమి. మీట నొక్కిన తరువాత తెరపై బొమ్మలు కుదురుకొనుటకు ఆరు నిమిషములు పట్టెను. ఒక పుట తెరువబోయిన నది కదలక మెదలక నిలిచిపోవును. పైగా ప్రతి యుదయమును అది 2011వ సంవత్సరము జనవరి 1వ తేదీ యని చూపుచుండెను. తేదీ తప్పైనచో అంతర్జాలమునందలి పుటలనేకములు తెరువబడవు. వాని ధ్రువపత్రముల గడువు సరిపడదు గనుక.

ఊరిలో మరమ్మతు చేయు నొకరికి చూపితిని. ఆయన మూత యైనను తీయలేదు. "దీనికి ముసలితనము వచ్చినదండి. క్రొత్తది కొనుడు. 35,000 కాగలదు" అనెను. నేను బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయువాడను. ఆ మొత్తము నాకు రెండు నెలల జీతము. ఇంటికి వచ్చి, 5,000కు మించి వెచ్చింపలేనని అమ్మాయితో చెప్పితిని.

అంతటితో ఊరకుండిన బాగుండెడిది. ర్యాము పెంచినచో వేగము పెరుగునని మిల్లులో నెవరో చెప్పగా, వెంటనే 1,100 పెట్టి యొక ర్యాముపలకను కొని తెచ్చితిని. మూత తీసి దానిని గాడిలో పెట్టబోయితిని. పట్టలేదు. బలముగా నొక్కితిని. అమ్మాయి నా చేయి పట్టుకొని, "నాన్నగారూ, పట్టనిదానిని నొక్కవద్దు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు" అనెను. చూచితిని. మా యంత్రములోనిది డి.డి.ఆర్. 3 రకము, నేను తెచ్చినది డి.డి.ఆర్. 4. మొదటిదానికి 240 కాళ్లు, రెండవదానికి 288. ఒకదాని స్థానమున మరియొకటి పెట్టకుండుటకే నడుమనున్న గంటును వేరువేరు చోట్ల కోసియుందురు. అమ్మినవాడు తిరిగి తీసికొనలేదు. అతనిని తప్పుపట్టుటకు లేదు. ఏ రకము కావలెనో నేను చెప్పియుండలేదు. ఆ యంత్రమును ముట్టవద్దని అమ్మాయిని నాలుగేండ్లు వారించినవాడను నేనే. దానిని విరుగగొట్టబోయినవాడను నేనే.

ఆ దినమునుండి పని ఆమె చేతికి వచ్చెను. ఆమె మొదట ఏమియు కొనవద్దని చెప్పి, యంత్రమునందే యుండు రిసోర్సు మానిటరు అను పట్టికను తెరచి చూపెను. ప్రాసెసరు తన శక్తిలో అయిదవ వంతునైనను వాడుట లేదు. ర్యాము నిండిపోయినది. హార్డు డిస్కు నూటికి నూరుపాళ్లు పనిలో మునిగియున్నది.

ఇది నాకు తెలియుటకు ఆమె వంటయింటి పోలిక చెప్పెను. ప్రాసెసరు వంటవాడు. ర్యాము అతని ముందున్న గట్టు. హార్డు డిస్కు పెరటిలోని కొట్టుగది. వంటవాని చేతులెంత చురుకైనవైనను, గట్టు ఇరుకైనచో ఒక గిన్నెను దింపుటకు మరియొక గిన్నెను కొట్టుగదికి మోయవలసియుండును. మా గట్టు రెండు గిగాబైట్లు మాత్రమే. కొట్టుగది త్రోవయు దూరమే. హార్డు డిస్కులోని పళ్లెములు నిమిషమునకు 7,200 సారులు తిరుగును. అనగా ఒక్క చుట్టునకు సెకనులో 120వ వంతు. కావలసిన యక్షరము ముల్లు క్రిందికి వచ్చువరకు ప్రాసెసరు కాచుకొనియుండవలెను. మనకది రెప్పపాటైనను కాదు; సెకనులో కోట్లకొలది లెక్కలు చేయు ప్రాసెసరునకు అది యొక యుగము. ఎస్.ఎస్.డి. అను క్రొత్త రకపు డిస్కులో తిరుగునది యేదియు లేదు. అందుచే ఆ నిరీక్షణము నూరవ వంతునకు తగ్గును.

అంతవరకు సంతోషముగనే వింటిని. పిమ్మట ఆమె మరియొక పట్టిక చూపెను. హార్డు డిస్కు తనలో చెడిపోయిన భాగములెన్నియో తానే పద్దు వ్రాసికొనును. లెక్కలవాడను గనుక ఆ పద్దు నాకు వెంటనే బోధపడెను. డిస్కు చెడిపోవుచున్నది. చెవియొగ్గి వినగా లోపలినుండి టక్కుటక్కుమను చప్పుడు వచ్చుచుండెను. పళ్లెమునకును ముల్లునకును నడుమ వెండ్రుక మందమునకంటె ఎంతో తక్కువ యెడముండునట. ఆ ముల్లు ఎక్కడనైన తాకినచో అచటి వ్రాత మరి రాదు.

నిఘంటువు దానిలోనే యున్నది. నకలు లేదు. నాలుగేండ్లుగా నేను కాపాడుచున్నానని తలచినది ఇదియే.

క్రొత్త వస్తువుల మాట ప్రక్కన పెట్టి, నకలు తీయుటకు పూనుకొంటిమి. ఇంటిలోనున్న పెన్‌డ్రైవులోనికి ఫైళ్లను ఎక్కింపబోగా, విండోస్ ఒక ఫైలువద్ద చిక్కుకొని పనినంతయు ఆపివేసెను. మరల చేసితిమి, మరల ఆగెను. ఆమె మరియొక పెన్‌డ్రైవు 400కు తెప్పించి, దానిలో లినక్సు మింటును ఎక్కించెను. అది డిస్కుతో పనిలేక పెన్‌డ్రైవునుండియే నడువగలదు. ఆ విధముగా నడిపి, ఒక్కొక్క ఫైలును విడివిడిగా లాగితిమి. నాన్నగారు అక్షరమునకొకటి చొప్పున 29 ఫైళ్లు చేసిరి. రాత్రి రెండు గంటలకు 26 దక్కినవి. చ, న, మ అను మూడు రాలేదు. చెడిన డిస్కులనుండి వ్రాత తీయు నిపుణులు పెద్ద పట్టణములలో నుందురు గాని, వారి రుసుము నాకందునది కాదు. నేనేమియు మాటలాడలేదు. అమ్మాయి మీట కట్టి, పోయి పండుకొనెను.

మరునాడు రైలెక్కి సికింద్రాబాదు పోయితిమి. పార్కులేనులో చెనాయ్ ట్రేడు సెంటరను భవనము కలదు. దానినిండ కంప్యూటరు దుకాణములే. ఈ మారు ఏమి కావలెనో కాగితముపై వ్రాసికొని పోయితిమి. నాలుగేసి గిగాబైట్ల డి.డి.ఆర్. 3 పలకలు రెండు, ఒకరు వాడినవే, 1,200. 240 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. 1,500, గడియారమును నడుపు నాణెమువంటి బ్యాటరీ 40, ప్రాసెసరుపై పూయు వేడిపూత 120, డిస్కునకు తగిలించు తీగ 60. పెన్‌డ్రైవుతో కలిపి 3,320. నా తొందరపాటు వెల 1,100 చేర్చినను 4,420 దాటలేదు. దుకాణదారుడు ఒక గ్రాఫిక్సు కార్డు కూడ చూపెను. మేము ఆటలాడువారము కామని చెప్పితిమి. అదే గాడిలో పట్టు హెచ్చురకపు ప్రాసెసరు, వాడినది, అగ్గువకు దొరకునని నేను కొంత యాశపడితిని. "వంటవాడు ఊరకే కూర్చున్నాడు గదా, మరియొక వంటవాడెందుకు?" అని అమ్మాయి నన్ను వెనుకకు లాగెను.

బిగించుట ఒక మధ్యాహ్నపు పని. విద్యుత్తీగను ఊడదీసి, పెట్టె యినుపభాగమును చేతితో తాకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని పిమ్మటనే లోపల చేయి పెట్టవలెను. పండ్రెండేండ్ల దుమ్ము కాదు గాని, పదునొకండేండ్లది కలదు. మెత్తని కుంచెతో దులిపితిమి. ప్రాసెసరుపైని పాత పూత ఎండి సున్నమువలె రాలెను. అంతయు బిగించి మీట నొక్కగా తెర వెలుగలేదు. లోపలి చిన్న స్పీకరు మాత్రము కీచుకీచుమని కూయసాగెను. నా గుండె జారెను. అమ్మాయి ఒక ర్యాముపలకను తీసి, గాడిలో సరిగా నిలిపి, చివరనున్న కొక్కెము టక్కున మూసికొనువరకు నొక్కెను. ఈ మారు తెర వెలిగెను. నొక్కదగినది ఏది, కూడనిది ఏది యని ఆమెకెట్లు తెలిసెనో నేనడుగలేదు.

విండోస్ 7నకు దాని యజమానుల సంరక్షణము 2020 జనవరి 14తో ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా పరికరము మా పాత యంత్రమున లేదు. కావున లినక్సు మింటునే స్థిరముగా నెక్కించితిమి. దానికి వెల లేదు. ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో చదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్సే దీనికి పునాది. ఆరు నిమిషములు పట్టుచుండిన పని యిప్పుడు అరనిమిషమున ముగియుచున్నది.

ఆ సంతోషములో నాన్నగారి ఫైలొకటి తెరచితిమి. తెరనిండ అర్థములేని ఆంగ్లాక్షరములు! నాన్నగారు వాడినది అచ్చుకూటములవారి పాత ఖతి. అందులో ప్రతి తెలుగు అక్షరఖండమును ఒక ఆంగ్లాక్షరపు స్థానమున దాగియుండును. ఆ ఖతి లేనిచో తెలుగు కనబడదు. నేడందరు వాడు యూనికోడులో తెలుగు అక్షరములకు వాని స్వంత సంఖ్యలు కలవు. ఒకదానినుండి మరియొకదానికి మార్చు సాధనములు కలవు గాని, వత్తులును గుడులును అచ్చటచ్చట తారుమారగును. రాత్రిపూట భోజనములైన పిమ్మట మేమిద్దరము కూర్చుండి దిద్దుట మొదలుపెట్టితిమి.

ఒకనాటి రాత్రి మా అమ్మ వచ్చి ముక్కాలిపీటపై కూర్చుండెను. ఏ ఫైళ్లు పోయినవని అడిగెను. చెప్పితిమి.

"నాడె లేకుండ నిఘంటువేమిటిరా?" అని ఆమె నా వంక చూచెను. పిదప మనుమరాలివైపు తిరిగి, తన తండ్రి మగ్గము ముందు కూర్చున్న తీరునుండి మొదలుపెట్టి, ఒక్కొక్క మాటయు, దాని పనియు చెప్పసాగెను.

"నాయనమ్మా, కొంచెము మెల్లగా" అనుచు అమ్మాయి టైపు చేయుచుండెను. పది వ్రేళ్లతో.

పండుకొనుటకు లేచునప్పటికి 'న' క్రింద పదునాలుగు మాటలు చేరినవి. మీట కట్టుటకు ముందు ఆ ఫైలును పెన్‌డ్రైవులోనికి కూడ నకలు చేసితిని.