సాయంత్రం ఐదింటికే రాత్రి భోజనం!

ఓస్లో అనగానే ఎవరికైనా నోబెల్ శాంతి బహుమతి గుర్తొస్తుంది. ఏటా డిసెంబరు 10న దాన్ని అందజేసే సిటీ హాలు సముద్రపు పాయ ఒడ్డున, ఎర్ర ఇటుకల జంట బురుజులతో ఠీవిగా ఉంటుంది. టూరిస్టులంతా ముందు అక్కడికే పరుగెడతారు. తర్వాత ఫ్రోగ్నర్ పార్కు. గుస్తావ్ విగెలాండ్ శిల్పాలు రెండొందలకు పైగానే ఉన్నాయక్కడ. అన్నింటిలోకీ ఎక్కువమంది మూగేది మాత్రం ఓ బుల్లి కంచు విగ్రహం చుట్టూ. పిడికిళ్లు బిగించి, కాలు నేలకేసి కొడుతూ ఏడుస్తున్న పిల్లాడు! 'సిన్నాతాగెన్' అంటారు. వచ్చినవాళ్లంతా వాడి చెయ్యి పట్టుకుని ఫొటో దిగడంతో అది రంగు పోయి బంగారంలా మెరుస్తోంది. వాడెందుకు అలిగాడోగానీ, సాయంత్రం నాలుగున్నరప్పుడు ఓస్లోలో చిన్నపిల్లలున్న ఏ ఇంటి తలుపు తట్టినా అచ్చం అలాంటివాడే ఒకడు కనిపిస్తాడు.

ఆ వేళకి నార్వేవాళ్లు ఓ పేరు కూడా పెట్టారు. 'ఉల్వెతీమెన్'... అంటే తోడేళ్ల గంట. పిల్లల్ని 'బార్నెహాగె' నుంచి తీసుకొచ్చాక, అన్నం బల్లమీదికి వచ్చేలోపు ఉండే సమయమన్నమాట. బార్నెహాగె అంటే మన ప్లేస్కూలు లాంటిది. ఏడాది నిండిన పిల్లలకు అక్కడ చోటు దొరకడం 2009 నుంచి చట్టం ఇచ్చిన హక్కు. మధ్యాహ్నం తినేది చాలావరకు చల్లటి రొట్టెముక్కలే. వానైనా మంచైనా ఆటలన్నీ ఆరుబయటే. చంటిపిల్లలు చలికాలంలో కూడా తోపుడుబండిలో దుప్పట్లు చుట్టుకుని బయటే నిద్రపోతారు. అలా రోజంతా గాలిలో తిరిగొచ్చిన పిల్లకి నాలుగింటికి ఎలాంటి ఆకలి వేస్తుందో చెప్పాలా!

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల మీద అక్కడుంటారు. మనవడికి మూడేళ్లు. మే, జూన్ నెలలు నేను వాళ్ల దగ్గరే ఉన్నాను. "నాలుగింటికి వచ్చినవాడికి బిస్కెట్లు పెడితే అన్నం ముట్టడు. పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకే అన్నాన్నే ముందుకు జరిపాం అమ్మా" అంది మా అమ్మాయి. తనేదో కొత్తగా కనిపెట్టిందేమో అనుకునేరు. ఊరంతా అదే వరస!

నార్వేలో ఆఫీసులు చాలావరకు ఎనిమిదికి మొదలై నాలుగింటికి ముగుస్తాయి. బార్నెహాగెలు నాలుగున్నరకో ఐదింటికో మూసేస్తారు. నాలుగయ్యేసరికి వాటి గేట్ల దగ్గర సైకిళ్లు, తోపుడుబళ్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్లలో అమ్మలెంతమందో నాన్నలూ దాదాపు అంతమంది. 1993లోనే తండ్రులకంటూ విడిగా నాలుగు వారాల సెలవు కేటాయించిన దేశం మరి. ఇప్పుడది పదిహేను వారాలు. మా ఇంట్లో కూడా పిల్లాణ్ని తెచ్చేది అల్లుడే. అన్నం పెట్టేదీ ఆయనే. ఆ పూట వంటగదిలో నాకు పనే లేకుండా పోయింది.

ఐదింటికి అందరూ కలిసి తినే ఆ భోజనాన్ని 'మిడ్డాగ్' అంటారు. ఆ మాటకి అర్థం మధ్యాహ్నం! పూర్వం పొలం పనుల రోజుల్లో వేడి భోజనం నడిమధ్యాహ్నమే తినేవారట. ఉద్యోగాలొచ్చాక భోజనం సాయంత్రానికి జరిగింది, పేరు మాత్రం అక్కడే ఉండిపోయింది. రోజు మొత్తంమీద పొయ్యిమీంచి దిగిన వేడి వంట సాధారణంగా అదొక్కటే. చేపముద్దలు, ఉడికించిన బంగాళాదుంపలు, పాస్తా... శుక్రవారమొస్తే ఇల్లిల్లూ మెక్సికోవాళ్ల టాకోలే. ఎవరికి కావలసింది వాళ్లు చుట్టుకోవచ్చు కాబట్టి పిల్లలకు సరదా. శనివారం చాలా ఇళ్లలో పాలల్లో ఉడికించిన బియ్యపు జావ. పైన పంచదార, దాల్చినచెక్క పొడి, మధ్యలో వెన్నముద్ద. బెల్లమూ, యాలకులూ లేవుగానీ లేకపోతే మన పరమాన్నమే!

మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు మీద వారానికి సరిపడా కాగితం ఒకటి అంటించి ఉంటుంది. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతే కనుక శనివారమే గ్రొన్‌లాండ్ పేటకు వెళ్లి కందిపప్పు, కరివేపాకు, బెండకాయలు తెచ్చుకుంటారు. ఆదివారం కుక్కర్లో పప్పు ఉడికించి, రెండు డబ్బాలకెత్తి ఫ్రీజర్లో పెడతారు. నాలుగుంపావుకి ఇంట్లో కాలు పెట్టగానే రైస్ కుక్కర్ స్విచ్ వేయడం, పప్పు తాలింపు పెట్టడం. ఈలోగా మావాడి ముందు కీరా, క్యారట్ ముక్కలు పెడతారు. ఎంత తిన్నా అన్నానికి అడ్డు రావు. శుక్రవారం టాకోల బదులు చపాతీ చుట్టలు.

పెరుగన్నానికి నార్వే పేరు

ఐదింటికి తిన్నవాడు ఏడున్నరకి పడుకునేసరికి మళ్లీ ఆకలి కాదూ? నాకూ అదే సందేహం. అందుకు వాళ్లు పెట్టుకున్నది 'క్వెల్స్‌మాత్'. అంటే రాత్రి తిండి. భోజనం కాదు, ఓ రొట్టెముక్క, దానిమీద పలచగా గీరిన గోధుమరంగు చీజ్, గ్లాసుడు పాలు. వండేదీ లేదు, బలవంతపెట్టేదీ లేదు. ఆరింటికి ప్రభుత్వ టీవీలో పిల్లల కార్యక్రమం. కొన్ని తరాలు దాన్ని చూస్తూనే పెరిగాయి. ఆ తర్వాత స్నానం, ఏడింటికి క్వెల్స్‌మాత్, పళ్లు తోముకోవడం, కథ, పక్క. ఈ వరస పిల్లలకి ఎంత అలవాటంటే, స్నానమయ్యాక మావాడే వెళ్లి కుర్చీ ఎక్కి కూర్చునేవాడు. వాడి క్వెల్స్‌మాత్ మాత్రం రొట్టె కాదు, చారెడు పెరుగన్నం!

అసలు కిటుకు ఇక్కడే ఉందనిపించింది నాకు. మనకి రాత్రి భోజనం ఒక్కటే ఘట్టం. పిల్లలు తినాలి, నాన్న రావాలి, అందరూ కలవాలి. అన్నీ ఆ ఒక్క కంచంలోనే జరగాలంటాం. తొమ్మిదింటికి నిద్రతో తూలుతున్న బిడ్డ నోట్లో ముద్దలు కుక్కుతాం. వాళ్లేమో దాన్ని రెండుగా విడగొట్టారు. కడుపు నిండటం, కబుర్లు ఐదింటికి. నిద్రకు ముందు నాలుగు మెతుకులు ఏడింటికి. ఏడింటిది తినకపోయినా ఎవరికీ బెంగ ఉండదు.

ఎండ మాత్రం ఈ ఏర్పాటుకి ఏమాత్రం సహకరించదు. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి పదీ నలభై ప్రాంతంలో. తెల్లవారుజామున నాలుగు కాకుండానే మళ్లీ హాజరు. ఏడున్నరకి మన నాలుగింటి ఎండలా కాస్తుంటే, "ఇంకా పగలే కదా అమ్మమ్మా" అనేవాడు. నల్లటి మందపాటి తెరలు దించి గదిని చీకటి చేయాల్సిందే. చందమామను చూపించి తినిపిద్దామంటే ఏడీ? అదే డిసెంబరులో మూడుంపావుకే పొద్దుగుంకుతుంది. ఐదింటి భోజనానికి అర్ధరాత్రంత చీకటి! గడియారాన్ని నమ్ముకున్నారు గనక సరిపోయింది.

అంతా బాగుందనీ అనను. మధ్యాహ్నం చల్లటి రొట్టె నా గొంతు దిగలేదు. రాత్రి ఎనిమిదింటికి ఎవరింటికైనా సరదాగా వెళ్దామంటే, "పిల్లలు పడుకుంటారు, బెల్లు కొట్టకూడదు" అంటారు. నర్సులకూ, బస్సు డ్రైవర్లకూ ఈ నాలుగింటి సుఖం లేదు. పిల్లాడు పడుకోగానే అల్లుడు లాప్‌టాప్ తెరిచేవాడు, పక్కన ఆవకాయ కలిపిన అన్నం గిన్నె పెట్టుకుని!

హైదరాబాదులో మా అబ్బాయి క్యాబ్ దిగేసరికి ఎనిమిదిన్నర. నాలుగింటికే వదిలేయమని వాళ్ల ఆఫీసును ఎవరడుగుతారు? మా కోడలు మాత్రం ఫోన్లో ఈ సంగతి విని, పాపకి ఆరున్నరకే కడుపునిండా అన్నం పెట్టేస్తోంది. వాళ్ల నాన్న వచ్చాక ఆయన కంచంలోంచే రెండు ముద్దల పెరుగన్నం. తొమ్మిదింబావుకి నిద్ర. వారంలో మూడు రోజులు కుదురుతోందట. మిగతా రోజులు ట్రాఫిక్ దయ.

తాతయ్య కూడా బల్ల దగ్గరే

ఓస్లోలో ఎండాకాలం ఐదు గంటలంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర. తెనాలిలో మా ఆయన భోజనానికి కూర్చునే వేళ సరిగ్గా అదే! నేను లేని ఆ రెండు నెలలూ ఆయన ఒక్కరోజు కూడా ఒంటరిగా తినలేదు. అక్కడ ఆయన ఫోను మంచినీళ్ల చెంబుకి ఆనించి, ఇక్కడ మా అమ్మాయి టాబ్లెట్ పప్పు గిన్నెకి ఆనించి. ఎవరి కంచంలో ఏముందో ఒకరికొకరు చూపించుకోవడం. అక్టోబరు చివర్లో అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిపితే మనకి తొమ్మిదిన్నరవుతుంది. మా ఆయన ఆకలికి ఆగలేరు. అప్పుడు మజ్జిగన్నం ఒక్కటి ఆ వేళకి అట్టేపెట్టుకుంటారు.

నార్వేలో తిన్న ప్రతివాళ్లూ లేచేముందు 'తక్ ఫర్ మాతెన్' అనాలి. భోజనానికి ధన్యవాదాలు అని అర్థం. మాటలు రాగానే పిల్లలకి నేర్పేస్తారు. మావాడు కుర్చీ దిగుతూ వాళ్లమ్మకి, నాన్నకి, నాకు, తెరమీదున్న తాతయ్యకీ వరసగా చెప్పేవాడు. తెనాలి నుంచి ఆయన చెయ్యి ఎత్తి, "అన్నదాతా సుఖీభవ" అనేవారు.