ఎవరు ముందు మాట్లాడాలి?

మేమిద్దరం సినిమాలు చూచేది బహు తక్కువ. గత వేసవిలో మా అమ్మాయి యింటికి వెళ్ళినప్పుడు, "ఇందులో పాటలూ గెంతులూ ఉండవు, కూర్చోండి" అని ఒక చైనా చిత్రం పెట్టింది. జాంగ్ ఇమౌ 2005లో తీసినది. పేరుకు మన భాషలో "ఒంటరిగా వేల మైళ్ళ స్వారీ" అని చెప్పుకోవచ్చునట. క్రింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు మాకు అందవు గనుక అమ్మాయే ప్రక్కన కూర్చొని చెబుతూ వచ్చింది.

జపానులో సముద్రపు ఒడ్డున ఒక చేపల పల్లె. అక్కడ తకాతా అనే పెద్దాయన. (ఆ వేషం వేసిన కెన్ తకాకురా 2014లో కన్నుమూశారు.) కొడుకుతో ఆయనకు ఎన్నో ఏండ్లుగా మాటల్లేవు. కొడుక్కి జబ్బు చేసిందని కోడలు ఫోను చేస్తే టోక్యో ఆసుపత్రికి వస్తాడు. ఆయనను చూడనంటున్న కొడుకు గొంతు గది బయటికి వినబడుతుంది. పెద్దాయన కోపగించడు, మారుమాటాడడు, వెనుదిరిగి వెళ్ళిపోతాడు.

కోడలు ఇచ్చిన వీడియో టేపులో కొడుకు పని కనబడుతుంది. చైనాలోని యునాన్‌లో ముసుగులు ధరించి ఆడే నాటకాలంటే అతనికి ప్రాణం. ఒక కళాకారుడు, వచ్చే ఏడు వస్తే పాడతానని అతనికి మాట ఇచ్చాడు. కొడుకిక వెళ్ళలేడు గనుక తండ్రే, భాష రాకపోయినా, బయలుదేరతాడు. తీరా వెళితే ఆ కళాకారుడు చెరసాలలో ఉన్నాడు! ఎలాగో అనుమతి దొరికి పాట మొదలుపెట్టేసరికి, ముసుగు వెనుక అతడు వెక్కివెక్కి ఏడుస్తాడు. తానెన్నడూ చూడని తన చిన్న కొడుకు గుర్తుకొచ్చాడు. ఆ పిల్లవాణ్ణి తెస్తానని పెద్దాయన రాతికొండల పల్లెకు పోతాడు. ఊరివారు వీధి పొడవునా బల్లలు వేసి ఆయనకు విందు పెడతారు. మన పల్లెల్లో బంతి భోజనమే అనుకోండి. కాని పిల్లవాడు రానంటాడు. వాణ్ణి బలవంతం చేయవద్దని పెద్దాయనే అంటాడు. ఈలోగా అక్కడ టోక్యోలో ఆయన కొడుకు చనిపోతాడు. తండ్రిని క్షమించానని ముందే వ్రాయించిన ఉత్తరాన్ని కోడలు ఫోనులో చదివి వినిపిస్తుంది.

అక్కడ మా అమ్మాయి అర్థం చెప్పడం ఆపేసింది. మేమూ అడగలేదు.

మా పెద్దవాడు మా మాట కాదని పెండ్లి చేసికొని ఆరేండ్లు. ఆ పెండ్లికి మేము వెళ్ళలేదు. "తప్పిపోయిన కుమారుడు తానే లేచి వచ్చాడు గదా, వీణ్ణీ రానీ" అని అరుగుమీద కూర్చొని ఎన్నిసార్లు అనుకొన్నామో! ఆ ఉపమానంలో దూరాన్నుంచి చూచి పరుగెత్తినది తండ్రి అన్న సంగతి మాత్రం మాకు అనుకూలంగా మరచిపోయాము. పైగా ఆ సినిమాలో పెద్దాయన చేతిలో ఒక కోడలైనా ఉంది. మా కోడలి గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదు.

మరునాడు మధ్యాహ్నం అమ్మాయి ఫోనులోనుండే కలిపించుకొన్నాము. "చెప్పండి వదినా" అంది అవతల.

"వదిన కాదమ్మా. మీ అత్తగారూ మామగారూ."

చాలాసేపు చప్పుడు లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకొన్నాము.

"భోజనాలయ్యాయా?" అని అడిగింది.