చికిత్స పూర్తయింది

క్షయతో చనిపోవడం గురించి మన సాహిత్యానికి బాగా తెలుసు. కొంపెల్ల జనార్దనరావు 1937లో క్షయతో పోయారు. 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’ని శ్రీశ్రీ ఆయనకే అంకితమిచ్చారు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఈ జబ్బు అలాగే పరిచయం: దగ్గు, రక్తం, యువకవి అకాలమరణం. దీన్నుంచి బతికి బయటపడ్డ స్త్రీ శరీరం మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా కనపడలేదు.

మా విశాఖలో టీబీ అనగానే పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు దగ్గే లేదు. 2021లో మూడు వారాల పాటు తలనొప్పి, సాయంత్రమయ్యేసరికి జ్వరం, వాంతులు. మైగ్రేన్ అన్నాడొక డాక్టరు. మాట తడబడ్డాక, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించి టీబీ మెనింజైటిస్ అని తేల్చారు. మందులు, స్టెరాయిడ్లు పడ్డాక తేరుకున్నాను. మూడో నెలలో, తలనొప్పి పూర్తిగా పోయాక, నడుం నుంచి కాళ్ళలోకి కరెంటు కొట్టినట్టు పోట్లు మొదలయ్యాయి. పాదాలు మొద్దుబారాయి. ఒకరోజు పొద్దుట్నుంచీ ఒంటికి రాలేదు.

‘‘వెన్నులో సూది గుచ్చబట్టే పిల్ల కాళ్ళు పడిపోయాయి. ఎలా ఒప్పుకున్నావు వదినా?’’ అని మేనత్త అమ్మని నిలదీసింది. ఇలాంటి భయంతోనే ఎంతోమంది ఆ పరీక్షే వద్దంటారు, జబ్బు ముదిరిపోతుంది. ఆ సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన. నా కాళ్ళని పట్టుకున్నది సూది కాదు, జబ్బే. మెదడు అడుగున పేరుకున్న చిక్కటి స్రావం వెన్నునీటితో పాటు కిందికి దిగి, నరాల మొదళ్ళని జిగురులా ఒకదానికొకటి అతికించేస్తుంది. దీన్ని అరక్నాయిడైటిస్ అంటారు. ఒక్కోసారి రక్తనాళాలు మూసుకుపోయి వెన్నుపామే దెబ్బతింటుంది. సరైన మందులు వాడుతున్నా, క్రిములు చస్తున్నా, శరీరం వాటి మీద చేసే యుద్ధం వల్ల కూడా ఇది రావచ్చు.

బొంబాయిలో వాడియా, దస్తూర్ అనే వైద్యులు 1969లోనే దీని గురించి వివరంగా రాశారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా ఈ మెనింజైటిస్ వచ్చినవాళ్ళు దాదాపు అందరూ చనిపోయేవారు. అంటే జబ్బు తర్వాతి బతుకు అనేది మందులు వచ్చాకే మొదలైంది. దాన్ని చెప్పే భాష ఇంకా మొదలవలేదు.

పన్నెండు నెలల తర్వాత నా కార్డు మీద ‘చికిత్స పూర్తయింది’ అని రాశారు. అబద్ధం కాదు. క్రిమి లేదు. కానీ నేను కర్ర పట్టుకుని నడుస్తాను. నాలుగైదు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకుంటాను. ఆ లెక్కలో చావుకి ఒక గడి ఉంది, మందులు మానేసినవాళ్ళకి ఒక గడి ఉంది. కాళ్ళకీ మూత్రాశయానికీ లేదు. పన్నెండు నెలలూ నన్ను లేపి, కూర్చోబెట్టి, బట్టలు మార్చిన అమ్మ శ్రమకీ లేదు.

కాళ్ళ గురించి అందరూ అడుగుతారు. మూత్రం గురించి ఎవరూ అడగరు, ఆడవాళ్ళం మనమూ చెప్పం. చిన్నప్పట్నుంచీ బిగబట్టుకోవడమే కదా మనకి నేర్పింది! బడిలో, బస్సులో, పెళ్ళిళ్ళలో. అందుకే అది రాకపోవడం జబ్బు అని గుర్తుపట్టేసరికి ఆలస్యమవుతుంది. ఇప్పుడు సెమినార్‌కి పిలిస్తే నేను మొదట అడిగేది బాత్రూం ఎంత దూరమని. అవతలివాళ్ళు ఇబ్బందిపడతారు. పడనివ్వండి.

టీబీ మెనింజైటిస్‌కి మందులు వాడుతున్న అమ్మాయి మీకు తెలిసి ఉంటే తలనొప్పి తగ్గిందా అని మాత్రమే అడక్కండి. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, నడుం లాగుతోందా, ఒంటికి సరిగ్గా వెళ్తున్నావా అని అడగండి. ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. సిగ్గుపడి బాగానే ఉందంటే, ఇంకోసారి అడగండి.