ఒకపక్క నూరిన మడత చాకు

ఉలికి అంచు ఒక పక్కే నూరి ఉంటుంది. వెనక ముఖం పలకలా చదును, ముందు ముఖం మాత్రం ఏటవాలు. అదే తీరున నూరిన మడత చాకులు ఇప్పుడు ‘టాక్టికల్’ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నల్లపూత, జేబుకు తగిలించే క్లిప్పు, ఒంటిచేత్తో తెరిచే బొడిపె కంటికి బాగుంటాయి. కానీ డబ్బు పెట్టాలా వద్దా అన్నది అంచును చూసి తేల్చుకోవాలి.

జనగామ జిల్లా కొడకండ్ల లాంటి ఊళ్లో ఈ అంచు కొత్తదేం కాదు. వడ్రంగి బాడిస, రంద బ్లేడు ఇలా నూరినవే. చేనేత ఇళ్లలో పోగులు తెంచే కత్తెర రెండు రెక్కలకూ లోపలి ముఖం చదునుగా ఉండి, బయటి ముఖానికే వాలు ఉంటుంది. చదును ముఖాన్ని వస్తువుకు ఆనించి పల్చగా చెక్కడానికో, గీత తప్పకుండా తెంచడానికో పుట్టిన అంచు ఇది.

దీని పదును కోణం లెక్కలో ఉంది. మామూలు చాకును రెండు పక్కలా 20 డిగ్రీల చొప్పున నూరితే అంచు దగ్గర మొత్తం కోణం 40 అవుతుంది. ఒక పక్కే 25 డిగ్రీలు నూరితే మొత్తం 25తోనే ఆగుతుంది. అందుకే సుతిలి తాడు, డ్రిప్ పైపు, యూరియా బస్తా మూతి తాకగానే తెగుతాయి. ఆ పల్చదనమే దాని బలహీనత కూడా. బైండింగ్ వైరు మీదో ఎముక మీదో పడితే అంచుకు నొక్కులు పడతాయి. పైగా దోసకాయను నడిమికి కోస్తే కత్తి నిటారుగా దిగదు, చదును వైపు జరుగుతూ పోతుంది. చేపను పల్చటి ముక్కలుగా కోసే జపాను యానగిబా కత్తికి ఈ గుణమే వరం, రోజువారీ చాకుకు మాత్రం చిక్కు.

అంతకన్నా ముఖ్యమైనది వాలు ఏ పక్కన ఉందన్నది. కుడిచేతివాళ్లకు వాలు కుడి పక్కన, చదును ఎడమ పక్కన ఉండాలి. అప్పుడే కర్ర చెక్కేటప్పుడు చదును ముఖం కర్రను ఆనుకుని నడుస్తుంది. ఈ రకానికి పేరు తెచ్చిన అమెరికా చాకుల తయారీదారు ఎర్నెస్ట్ ఎమర్సన్ చేసిన సీక్యూసీ-7 చాకులో వాలు ఎడమ పక్కన ఉంటుంది. అలాంటిది కుడిచేతిలో పట్టి చెక్కితే అంచు కర్రలోకి దిగకుండా పైకి జారుతుంది. ఎడమచేతివాళ్లకు మాత్రం అది సరిగ్గా కుదురుతుంది. కొనేముందు రెండు పక్కల ఫొటోలూ తప్పక చూడాలి.

ఒకపక్క నూరిన మడత చాకు నిజంగా పనికొచ్చే చోటు మామిడి, జామ నర్సరీ. అంటు కట్టే కత్తులు చాలావరకు ఇలాంటివే, కుడిచేతికీ ఎడమచేతికీ వేర్వేరుగా అమ్ముతారు. పుల్ల కోత అద్దంలా చదునుగా వస్తేనే రెండు చెక్కలూ సందు లేకుండా అతుక్కుంటాయి, అంటు బతుకుతుంది. ఆ పని ఉన్నవాళ్లు టాక్టికల్ చాకు జోలికి పోకుండా అంటు కత్తే కొనుక్కోవడం మేలు. సంతకూ చేనుకూ జేబులో వేసుకెళ్లే వాళ్లకు రెండు పక్కలా నూరిన మామూలు మడత చాకు చాలు. అయినా టాక్టికలే కావాలంటే వాలు సరైన పక్కన ఉండాలి, బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదు, తెరిచాక లాక్ కదలకూడదు. లాక్ వదులైతే మూసుకునేది వేళ్ల మీదే.

చట్టం విషయం కొద్దిగా. ఆయుధాల నిబంధనల్లో బ్లేడు తొమ్మిది అంగుళాల పొడవో రెండు అంగుళాల వెడల్పో దాటిన కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తారు. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయినా విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరు.

కొన్నాక పదును నిలబెట్టుకోవడమే అసలు పని. నూరేది వాలు పక్కే. అవతల పక్కకు సన్నని ఇనుప పొర మడత పడుతుంది. చదును ముఖాన్ని రాయి మీద పూర్తిగా పరిచి ఒకటి రెండుసార్లు మెల్లగా రుద్దితే అది రాలిపోతుంది. తాటిగెల గీసే గౌడన్నలు తమ కత్తిని తామే నూరుకున్నట్టు ఈ చాకునూ వాడేవాళ్లే నూరుకోవాలి. వీధిలోకి వచ్చే సాన చక్రం మీద అలవాటుకొద్దీ రెండు పక్కలూ ఆనిస్తారు. అలా చదును ముఖం అరిగిందంటే దాన్ని మళ్లీ పలకలా తేవడానికి రాయి మీద గంటల తరబడి రుద్దాలి.