ఇంటి పన్ను చీటీ చూసి

జువ్వలదిన్నెలో ఇంటి పన్ను చీటీ చూస్తే నాకు ఇంగ్లండ్ గుర్తొస్తుంది. నవ్వకండి. అక్కడి ఇంటి పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్స్‌లో, తీవ్రమైన మానసిక వైకల్యం ఉందని డాక్టరు రాసిచ్చి, అర్హమైన భత్యం ఏదైనా ఉంటే ఆ మనిషిని లెక్కలోంచి తీసేస్తారు. ఒంటరిగా ఉంటే పన్నే లేదు. వయసొచ్చిన మనిషి ఇంకొక్కరే తోడుంటే 25 శాతం తగ్గుతుంది. మతిమరుపు జబ్బు ముదిరిన ముసలివాళ్లకూ వర్తించొచ్చు. 1992 నాటి చట్టం అది.

మన దగ్గర సాయమే లేదనను. దివ్యాంగుల పింఛను నెలకు 6,000 వస్తోంది. 2016 చట్టం మేధో వైకల్యాన్నీ మానసిక రుగ్మతనీ గుర్తించింది. 80 శాతం, ఆపైన వైకల్యమున్న మనిషిని పోషిస్తుంటే ఆదాయపు పన్ను పాత పద్ధతిలో 1,25,000 మినహాయింపు. బాగుంది. కానీ చేపల వేటకెళ్లే ఇంట్లో ఆదాయపు పన్నెక్కడిది? వాళ్లు కట్టేది ఇంటి పన్నే కదా!

మాజీ సైనికుల ఇళ్లకు ఈ పన్ను తీసేసిన రాష్ట్రం మనది. దారి తెలియనిదేం కాదు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ ఎలాగూ ఉంటుంది, కొత్త కాగితాలక్కర్లేదు. తగ్గేది కొన్ని వందలే కావచ్చు. బిడ్డను వదిలి పనికి పోలేని తల్లికి అవి కూలి డబ్బులు. ఇలాంటివాళ్లున్న ఇళ్లకూ ఇంటి పన్ను తగ్గించమని గ్రామసభలో అడుగుదామనుకుంటున్నా. ఎవరెవరు వస్తారు?