బండి మీద మూట

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే మన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ జనాలకి మూడే దారులు. బుకింగ్ తెరిచిన నిమిషంలోనే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ కొట్టెయ్యడం, పండగ రేటు పెట్టి ప్రైవేటు బస్సెక్కడం, లేదా టీములో ఎవడి కారులోనో ఖాళీ సీటు కోసం బతిమాలుకోవడం. ఈసారి నాకు మూడూ కుదర్లేదు. రిలీజు గొడవలో పడి టికెట్ సంగతే మర్చిపోయాను. సరే, బండి ఉందిగా, 400 పైచిలుకు కిలోమీటర్లే కదా అనుకున్నాను. అమ్మకి మాత్రం బస్సులో వస్తున్నానని చెప్పాను. ఆ అబద్ధం ఎంతసేపు నిలబడిందో మీరే చూస్తారు.

నాది స్పోర్ట్స్ బండి. వెనకాల సీటు చూస్తే అరచెయ్యంత ఉంటుంది, పైగా తోక పైకి లేచి ఉంటుంది. క్యారియర్ లేదు, పట్టుకోడానికి కడ్డీ లేదు. ట్యాంకు పైన ప్లాస్టిక్ తొడుగు, కాబట్టి అయస్కాంతం ట్యాంకు బ్యాగు అతుక్కోదు. పక్కన వేలాడే సంచులు వేద్దామంటే కుడివైపు సైలెన్సర్ ఎత్తుగా ఉంటుంది. బండి డిజైన్ చేసిన మహానుభావుడు దీని మీద ఎవరైనా అరిసెల డబ్బా తీసుకెళ్తారని ఊహించి ఉండడు. ఆయన తప్పేం లేదు. కొన్నది నేను.

అయితే ఇవన్నీ నేను ఆలోచించిన విషయాలు కాదు, తర్వాత తెలుసుకున్నవి. ఆ రోజు చేసింది ఇంతే: జిమ్ముకి తీసుకెళ్ళే బ్యాగులో బట్టలు, అమ్మకి కొన్న చీర, నాన్న బీపీ మందులు కుక్కి, వెనక సీటు మీద పెట్టి, రోడ్డు పక్కన కొన్న రెండు సాగే ఎలాస్టిక్ తాళ్ళతో బిగించాను. కొక్కేలు తగిలించడానికి చోటు లేక ఒకటి నంబరు ప్లేటుకి, ఒకటి ఫుట్‌రెస్టు దగ్గర తగిలించాను. హెల్మెట్‌కి, జాకెట్‌కి కలిపి ఇరవై వేలు పెట్టినవాణ్ణి తాళ్ళ దగ్గర నూట యాభై రూపాయలతో సరిపెట్టాను. ల్యాప్‌టాప్ వీపున వేసుకున్నాను. ముందుకి వంగి కూర్చునే బండి మీద వీపున బరువు ఎలా ఉంటుందో సూర్యాపేట వచ్చేసరికి భుజాలు చెప్పాయి.

నందిగామ దాటాక వెనకనించి ఒక ఆర్టీసీ బస్సు ఒకటే హారను, ఒకటే లైట్లు. సైడు ఇచ్చాను. అయినా కొట్టడం ఆపలేదు. పండగ తొందర అనుకుని మనసులో నాలుగు తిట్టాను. పక్కకి వచ్చాక కండక్టరు తల బయట పెట్టి, “బ్యాగూ… బ్యాగూ…” అని అరిచాడు.

ఆపి చూస్తే ఎడం వైపు కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. బ్యాగు కుడివైపు జారి సైలెన్సర్ మీద కూర్చుంది. అడుగంతా కరిగి, లోపలి చీరకి అరచెయ్యంత కన్నం పడింది. అది కాదు నన్ను భయపెట్టింది. ఊడిన తాడు కొక్కెంతో సహా ఎడం వైపు వేలాడుతోంది, చైనుకి రెండు వేళ్ళ దూరంలో. అది చైనుకీ పళ్ళ చక్రానికీ మధ్య పడితే వెనక చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు నేను 90లో ఉన్నాను. వెనకాల ఆ బస్సే ఉంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ చోట ఒక చీర గార్డు ఉండేది. బండి కొన్న వారంలోనే లుక్కు పాడవుతోందని తీయించేశాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవాళ్ళకి పట్టు, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. మనం ఏమో షోరూము బయటే విప్పించేస్తాం. చీర గార్డు తీసేసినవాడికి చీరే కాలడం న్యాయమే కదా :)

కొవ్వూరు చేరేసరికి చీకటి పడింది. గోష్పాద క్షేత్రం వైపు తిరిగే మలుపులోనే అమ్మకి బండి చప్పుడు తెలిసిపోయిందట. హెల్మెట్ తీసేలోపే గుమ్మంలో ఉంది. ఒక్క మాట అనలేదు. చీర విప్పి, కన్నంలోంచి నా మొహం చూసి, మడిచి లోపల పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

నాన్న మాత్రం కరిగిన బ్యాగుని తిరగేసి మరగేసి చూశాడు. ఎలా కట్టావని అడిగాడు. చెప్పాను. “ఇంజనీరింగు చదివించాం కదరా” అని లేచిపోయాడు.

కనుమ మర్నాడు తిరుగు ప్రయాణం. పొద్దున్నే లేచేసరికి నాన్న బండి పక్కన గోనె సంచి, పాత సైకిలు ట్యూబు కోసిన పట్టీలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటర్ చదివే రోజుల్లో ఆయన గోదారి లంక తోటల నుంచి సైకిలు మీద అరటి గెలలు మోసేవాడని నాకు అంతకుముందు తెలీదు. ఒక గెల జారితే ఆ రోజు కూలి పోయినట్టే. పుస్తకాల డబ్బులు అందులోంచే రావాలి. అందుకని తాడు కట్టడం బాగా నేర్చుకున్నానన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఆయన చెప్పినవి నాలుగే. బరువైనవి కిందకి, మనిషికి దగ్గరగా ఉండాలి. వెనక ఇరుసు దాటి వేలాడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. రెండోది, రెండు కట్లు విడివిడిగా ఉండాలి, ఒకటి తెగినా రెండోది మూటని ఆపాలి. మనం మీటింగుల్లో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని స్లైడ్లు వేస్తామే, అదే ఇది. మూడోది, తాడు తోకలు గాలికి వదలకూడదు, లోపలికి దోపెయ్యాలి. నాలుగోది, కట్టాక మూట పట్టుకుని ఊపితే మూట కాదు, బండి మొత్తం ఊగాలి.

దీనికి నేను జోడించినవి కొన్ని. వెనక సీటు తీస్తే కింద ఉక్కు ఫ్రేము కనబడుతుంది. పట్టీ ఉచ్చులు దానికి వేసి సీటు మూసేస్తే అంతకన్నా గట్టి చోటు లేదు. ప్లాస్టిక్ ప్యానెళ్ళకి, నంబరు ప్లేటుకి, ఇండికేటర్లకి ఏదీ కట్టకండి. నవారులాంటి బల్లపరుపు పట్టీ, బకిల్ ఉన్నది కొనండి. సాగే తాళ్ళు పైన రెయిన్‌కోటు పెట్టుకోడానికి చాలు, అసలు బరువు వాటి మీద ఉండకూడదు. సీటు మీద నిలబడే టెయిల్ బ్యాగులు వయాటెర్రా, రైనాక్స్ లాంటి మన దేశపు కంపెనీలే చేస్తున్నాయి. పక్క సంచులే కావాలంటే సైలెన్సర్‌కి తగలకుండా మధ్యలో ఖాళీ ఉందో లేదో, సస్పెన్షన్ కిందకి నొక్కి చూసుకోండి. పైన వేసే వాన తొడుగు గాలికి గొడుగులా ఉబ్బుతుంది, దానికన్నా బ్యాగు లోపల నీరు చొరని సంచి మేలు. వెనక లైటు కనబడాలి. టైర్లలో గాలి, మొత్తం బరువు పరిమితి బండి పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం నేను మొదటిసారి తెరిచింది ఆ పొద్దునే.

ఇంతలో అమ్మ ఆవకాయ సీసా తెచ్చింది. బండి మీద కుదరదమ్మా అన్నాను. నాన్న మాట్లాడకుండా సీసాని పాత లుంగీలో చుట్టి, అరిసెల డబ్బా కింద, నా సీటుకి ఆనుకునేలా పెట్టాడు. గోనె సంచి అడుగున పరిచి, నా కొత్త పట్టీలు వేయించి, వాటి మీద తన ట్యూబు పట్టీ కూడా ఒకటి బిగించాడు. నీ వాటి మీద నమ్మకం లేక కాదులే అన్నాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది :)

“కొత్తగా కట్టిన మూట కాస్త దూరంలోనే సర్దుకుంటుంది. దేవరపల్లిలో ఆగి చూసుకుని ఫోన్ చెయ్యి.”

ఆగాను. చూశాను. ఒక పట్టీ వేలెడు వదులైంది, బిగించాను. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

“కదిలిందా?”

“కొంచెం నాన్నా. బిగించాను.”

“ఊఁ. మళ్ళీ బెజవాడలో చూసుకో” అని పెట్టేశాడు. వెనకనించి అమ్మ ఏదో అంటోంది, వినబడలేదు.

హైదరాబాదు వచ్చాక సీసా తీస్తే నూనె చుక్క కూడా కారలేదు. ఆ వారమే చీర గార్డు మళ్ళీ వేయించాను. బండి లుక్కు పోయిందని ఫ్రెండ్సు అంటున్నారు. అననివ్వండి. ట్యూబు పట్టీ మాత్రం ఇంకా సీటు కిందే ఉంది.